నైట్ డ్యూటీ మనిషి స్టిక్కర్లు

మొన్న సోమవారం పొద్దుగాల ఎనిమిదింటి సంది మధ్యాహ్నం దాక మా కాలనీ రోడ్డు మీద పోయిన ప్రతి బండి నా ఇంటి ముందట ఆగి నన్ను లేపి పోయింది. ఆటోలు, పాల వ్యాను, ఇసుక ట్రాక్టరు, ఆఖరికి గ్యాస్ సిలిండర్ల బండి సుత. వాళ్ల తప్పు ఇసుమంత లేదు. లేపుమని నేనే రాసి, నేనే ఇంట్ల ప్రింటు తీసి, నా చేతులతోని స్తంభం స్తంభానికి అతికిచ్చి వచ్చిన. ఇప్పుడే నవ్వకుండ్రి. చాయ్ తాగుకుంట మొత్తం వినుండ్రి, నవ్వేది ముంగట మస్తుంది.

నా సంగతి తెల్వనోళ్లకు ముందుగాల జర చెప్పాలె. నా పేరు సమ్మయ్య. మందమర్రిల బొగ్గు బాయిల పంపు ఆపరేటర్‌ను. భూమి లోపల ఊరే నీళ్లను పంపుతోని పైకి కొట్టుడు నా పని. ఏడాదిన్నర సంది రాత్రి షిఫ్టే. ఎవ్వలు నన్ను బలవంతం చెయ్యలే. ఇంట్ల ఎవ్వలు లేనోనికి రాత్రయితేంది పగలైతేంది అని నేనే ఒప్పుకున్న.

నా భార్య సుజాత సర్కారు బడిల తెలుగు టీచరు. రెండేండ్ల కింద ట్రాన్స్‌ఫర్లల్ల భైంసా పడ్డది. రోజు పోయి వచ్చే దూరం కాదు. అక్కడనే ఒక గది కిరాయికి తీసుకున్నది. కొడుకు శ్రీకాంత్ కరీంనగర్ల ఇంజినీరింగ్ చదువుతుండు, హాస్టల్ల ఉంటడు. ముగ్గురం మనుషులం, మూడు ఊర్లు, మూడు తాళంచేతులు.

ఆమె బడికి పోయే టైముకు నేను పండుకుంట. ఆమె బడి నుంచి వచ్చే టైముకు నేను లేసి బట్టలు ఉతుక్కుంట, కూర వండుకుంట. ఇద్దరం మెలకువతోని ఉండేది సాయంత్రం రెండు మూడు గంటలు. అప్పుడు ఆమె ముందట పరీక్ష పేపర్ల కట్ట ఉంటది.

"తిన్నవా?" అంటది.

"తిన్న. నువ్వు?"

"తిన్న."

ఇగ అయిపాయె. పోట్లాట లేదు, ఏం లేదు. మాటలే దొరుకవు. ఒకే ఇంట్ల ఉన్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగినయని సుత మాట్లాడుకునేటోళ్లం. ఫోన్ల పాలు పొంగవు కదా.

డ్యూటీల సుత నేనొక్కన్నే. పంపు కాడ ఎనిమిది గంటలు, మోటరు సప్పుడు, తలకు లైటు. ఒకరోజు ఏం తోచక లెక్కవెట్టుకున్న. పొద్దటి సంది నేను మనుషులతోని మాట్లాడింది నాలుగు మాటలు. హాజరు కాడ "ఉన్న". పాలాయనతోని "అర లీటరు". కూరగాయలామెతోని "సాలు". కింద బాయిల నా ముందటి షిఫ్టాయనతోని "పో ఇగ". గా నాలుగు మాటలల్ల సుత ఒకటి మనిషిని పంపేదే.

సరే, హారన్ల ముచ్చటకొస్త. ఎండకాలం ముంగట పైపులైను కోసమని మెయిన్ రోడ్డు తవ్విండ్రు. బండ్లన్ని మా కాలనీ లోపలి నుంచి మళ్లిచ్చిండ్రు. మా ఇల్లు సరిగ్గ మూల మలుపు కాడ ఉంటది. మలుపు కాడ హారన్ కొట్టాలె, నేను కాదనను. ఒక్కసారి కొడితె సాలు కదా. ఒకడు మలుపుకు ముందట కొడ్తడు, మలుపుల కొడ్తడు, దాటినంక సంతోషానికి ఒకసారి కొడ్తడు. ఒక ట్రాక్టరుకైతే హారన్ల పాటే వస్తది. ఆ పాట మొదలైతె మా వీధి చివర పోయేదాక ఆగది.

చెవులల్ల దూది పెట్టుకున్న. మంచం వంటింట్లకు జరుపుకున్న. ఒకదిక్కు సిలిండరు, ఒకదిక్కు బియ్యం డ్రమ్ము, నడుమ నేను. అయినా వినవడ్తనే ఉండె. మున్సిపల్ ఆఫీసుకు పోతే అర్జీ రాసియ్యుమన్నరు. రాసిచ్చిన. గా అర్జీ అక్కడనే మంచిగ నిద్రపోయింది. పోలీస్ స్టేషన్‌కు పోతే ఒక కానిస్టేబుల్, మంచోడే, కుర్సీ చూపెట్టి కూసొమన్నడు. "అన్నా, హారన్ కొట్టిండ్రని కేసు పెట్టుడు మొదలువెడితె ముందుగాల నా మీదనే పెట్టాలె" అన్నడు. ఆయన మీద కోపం సుత రాలే.

అసలు భయం నాకు బాయిల పట్టుకున్నది. ఒక రాత్రి పంపు కాడ కూసున్నకాడనే కండ్లు మూతవడ్డయి. పంపు ఆగింది, నాకు తెల్వదు. కాళ్లకు సల్లగ తాకితె లేసిన. బూట్లు మునిగినయి. నా టిఫిన్ డబ్బా నీళ్ల మీద తేలుకుంట నా దిక్కే వస్తుంది. ఉరికి పోయి పంపు మల్ల చాలు చేసిన. అప్పటికే మా షిఫ్టు చూసే ఓవర్‌మెన్ వచ్చి నిలవడ్డడు. ఆయన ఒర్రలే. మెల్లగ అన్నడు, "సమ్మయ్యా, గీ నీళ్లు ఇంకా లోపలికి పోతె అక్కడ పనిచేసే పదిమంది ఎట్ల పైకొస్తరు? ఈసారికి వదిలేస్తున్న. ఇంకోసారి అయితె నేను పైకి రాసుడే."

తిట్టినా బాగుండు. గా మెల్లగ అన్న మాట ఇంటిదాక నాతోని వచ్చింది.

ఆ వారమే కరీంనగర్ పోయిన, శ్రీకాంత్‌కు పచ్చడి ఇచ్చొద్దామని. అక్కడ ఒక గల్లీల ఒక గేటుకు చిన్న స్టిక్కరు కనవడ్డది. "పసిపాప నిద్రపోతోంది, బెల్లు కొట్టకండి" అని రాసి ఉన్నది. నేను గా గేటు ముందట ఎంతసేపు నిలవడ్డన్నో, లోపలి నుంచి ఒకామె వచ్చి "ఎవరు కావాలె?" అని అడిగింది. "ఎవ్వలు వద్దమ్మా" అని వచ్చేసిన. బస్సుల కూసున్నంక అనిపిచ్చింది, పసిపిల్ల నిద్రకు స్టిక్కరుంటే ఒక బొగ్గుబాయి మనిషి నిద్రకు ఎందుకుండొద్దు? నా ఒక్కనిది కాదు కదా. కాలనీల రాత్రి షిఫ్టోళ్లు ఎంతమంది ఉండరు? అర్జీ ఒక ఆఫీసరు చదువుతడో లేదో. స్టిక్కరయితె బండి నడిపేటోడే చదువుతడు.

శ్రీకాంత్ ఇంటర్ల ఉన్నప్పుడు కొన్న ప్రింటరు అలమార మీద దుమ్ము పట్టి ఉంది. వానికి ఫోన్ చేసిన.

"స్టిక్కర్ పేపర్ అంటే దుకాణంల ఇస్తరు బాపు. వెనుక గమ్ముంటది. నిగనిగ ఉన్న దిక్కే ప్రింటు పడాలె, చూసుకో. ఎందుకు నీకు?"

"ఊకనే."

"సరే బాపు, క్లాసుంది."

ఆదివారం నాకు సెలవు. పొద్దుగాలనే చాయ్ తాగి కూసున్న. ముందుగాల పెన్నుతోని రాసుకున్న. బొగ్గు తవ్వితేనే కరెంటు వస్తదని, కరెంటు ఉంటేనే మీ ఇంట్ల ఫ్యాను తిరుగుతదని, ఆ తవ్వే మనిషికి ఎనిమిది గంటల నిద్ర ఇచ్చుట సమాజం బాధ్యత అని, కావున వాహనదారులు గమనించగలరని. చదువుకుంటె అర్జీ లెక్కనే ఉంది. బండి మీద పోయేటోడు ఇదంత చదివితె గుంటల పడ్తడు. కొట్టేసుకుంట కొట్టేసుకుంట పోతె ఆఖరికి రెండు ముక్కలు మిగిలినయి. నిద్రపోతున్న మనిషి, కొట్టొద్దన్న హారన్. జర పుస్తకాల భాషల రాసిన, తెలుగు టీచరు మొగన్ని కదా.

నా ఫోన్ల ఇంగ్లీషు అక్షరాలు కొడితె తెలుగు వస్తది. సగం మాట కొట్టంగనే కింద మూడు మాటలు చూపెడ్తది, మనకు కావాల్సింది ఒత్తాలె. ఒత్తుకుంట పోయిన. అద్దాలు ఫ్రిజ్ మీద ఉన్నయి. లేసి పోవుడెందుకని కండ్లు చిన్నగ చేసి చూసిన. మంచిగనే కనవడ్డది.

ఒకసారి చూపెడ్దామని సుజాతకు ఫోన్ చేసిన. ఎత్తలే. ఆదివారం సుత ఏదో ట్రైనింగ్ ఉందన్నది యాదికొచ్చింది. పెండ్లయిన సంది నా సెలవు చిట్టీలు సుత ఆమెనే దిద్దుతది. నేను రాసిన దాంట్ల ఎర్ర పెన్ను పెట్టకుంటె ఆమెకు అన్నం సయించది. ఈసారి నేనే చేసి, గోడకు అతికిచ్చినంక ఫోటో పంపుదామనుకున్న. శాబాష్ అంటదేమో అని ఆశ.

మొదటి కాయిదం పెట్టిన. ప్రింటు వెనుక దిక్కు పడ్డది. కొడుకు చెప్పిండు, నేను విన్న, అయినా అట్లనే పెట్టిన. రెండోది ప్రింటర్ లోపల ఇరుక్కున్నది. గుంజితె సగం వచ్చింది, మిగతా సగం లోపలనే గమ్ముతోని అతుక్కున్నది. పట్టకారుతోని పీకుడుకు గంట పట్టింది. మూడోదాంట్ల ఎర్ర రంగు రాలే, ఎండిపోయిందట. "హారన్" అనే మాట ఎర్రగ భయపెట్టినట్టు ఉండాలె అనుకుంటే, సొరకాయ రంగుల వచ్చింది. సరే, సొరకాయనే కానియ్ అనుకున్న.

వానకు తడవకుండ ఒక్కొక్కదాని మీద పారదర్శకపు టేపు అతికిచ్చిన. కత్తెరతోని కోసిన. రంగు ఆరాలె కదా, మంచం మీద పరిచిన, టీవీ మీద, గ్యాస్ పొయ్యి గట్టు మీద, కిటికీల. ఎటు చూసినా నిద్రపోతున్న మనుషులే. నాకు కాలు పెట్ట జాగ లేదు. అప్పుడు చూసుకుంటే బయట పొద్దు గూకింది. దినమంత నేను ప్రింటరుతోని మాట్లాడుకుంటనే ఉన్న. "గట్ల కాదు, మెల్లగ గుంజు, ఆ... శాబాష్" అనుకుంట. మస్తు రోజులకు గొంతు బొంగురువోయింది. ఒంటరిగ ఉన్నట్టు అనిపియ్యని ఆదివారం ఏడాదిన్నరల అదొక్కటే.

సోమవారం తెల్లారి ఆరింటికి సంచిల ఏసుకొని బయలెల్లిన. మలుపుకు అటు ఇటు కరెంటు స్తంభాలు, నీళ్ల ట్యాంకు గోడ, స్పీడ్ బ్రేకర్ కాడ పాత బోర్డు, ఆఖరికి నా గేటు. నాలుగిండ్ల అవతల ఉండే పోచవ్వ వాకిలి ఊడ్చుకుంట చూసింది.

"ఏంది బిడ్డా, ఓట్లచ్చినయా?"

"కాదవ్వ. నా నిద్ర."

"నిద్రకు సుత పోటీ పెట్టిండ్రా?"

"రాత్రి డ్యూటీ చేసినోళ్లు పండుకుంటరు, హారన్ కొట్టద్దని రాసిన."

ఆమెకు చదువు రాదు. స్టిక్కరు దిక్కు చూసి తల ఊపింది. "మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నది. గా ఒక్క మాటకు నా కడుపు నిండింది. ఇంటికొచ్చి స్నానం చేసి, ఆ రాత్రి డ్యూటీకి నిద్ర కూడవెట్టుకుందామని ఎనిమిదింటికి పండుకున్న. వంటింట్ల కాదు, మంచం మల్ల ముందటి గదిలకు తెచ్చుకొని.

ఐదు నిమిషాలు కాలే, గేటు ముందట ఆటో హారన్. పోయే బండి హారన్ కాదది. ఆగి, ఓపికగ, మూడుసార్లు. పోనీ చదవలేదేమో అనుకున్న. తర్వాత ఇంకో ఆటో. అదీ ఆగింది, అదీ కొట్టింది. పాల వ్యాను వచ్చి పొడుగ్గ ఒకటి కొట్టింది. స్కూలు బస్సు వచ్చి రెండు కొట్టింది. ఎప్పుడు పాట పెట్టుకొని పోయే ట్రాక్టరు, గా రోజు నా గేటు ముందట ఇంజన్ ఆపి పాట పూర్తిగ వినిపిచ్చి పోయింది.

దిండు తల మీద పెట్టుకొని పండుకున్న. ఏడుపొచ్చినంత పనైంది. ఒక మనిషి ఇంత వినయంగ రాస్తె, పగవట్టి మరీ ఆగి కొడ్తరా అనుకున్న. ఇన్నేండ్ల సంది గీ ఊర్ల ఉన్న, నేనేం అన్యాయం చేసిన ఎవలికన్నా? హారన్ కన్న గా ఆలోచననే ఎక్కువ గుచ్చింది.

పదకొండు దాటినంక ఇగ ఆగలే. ఆటో ఒకటి నాలుగోసారి కొడుతుంటె లుంగీ మీదనే బయటికొచ్చిన. నడిపేటాయనకు ముప్పై ఐదేండ్లుంటయి, నెత్తికి తెల్ల టోపీ.

"నీకు చదువొస్తదా?" అన్న.

"వస్తది అన్నా. వస్తది గనుకనే కొడుతున్న."

"గేటుకు ఏం రాసున్నదో చదువు."

ఆయన మర్యాదగ ఆటో దిగి, గేటు కాడికొచ్చి, బడిల చదివినట్టు చదివిండు. "ఇక్కడ నైట్ డ్యూటీ మనిషి నిద్రపోతున్నాడు. దయచేసి హారన్ కొట్టండి."

"కొట్టకండి" అన్న నేను.

"కొట్టండి అనే ఉంది అన్నా."

"కొట్టకండి అని రాసిన నేను."

"మల్లొకసారి చూడుండ్రి."

లోపలికి పోయి ఫ్రిజ్ మీది అద్దాలు తెచ్చుకున్న. చూసిన. గేటుది చూసిన, ఎదురు స్తంభంది పోయి చూసిన, సంచిల మిగిలినయి తీసి చూసిన. ఒక్కదాంట్ల సుత "క" లేదు. ఫోను నడుమ చూపెట్టిన మాట అదన్నమాట. సొరకాయ రంగుల, టేపు కింద, వానొచ్చినా చెరగకుండ, దయచేసి హారన్ కొట్టండి.

ఆయన పేరు రఫీక్. నా మొఖం చూసి ఆయనకే బాధైంది. "గలతీ నాది సుత ఉంది అన్నా" అన్నడు. "పొద్దుగాల నేనే ముందు చూసిన. చాయ్ హోటల్ల అందరికి చెప్పిన. మలుపు కాడ పాపం ఒకాయన ఒక్కడే ఉంటడు, పగటి పనేదో ఉండి లేపుమని కాయిదం పెట్టుకున్నడు, పోయేటప్పుడు తలా ఒకసారి కొట్టి పోండ్రి అని. ఎంత కొట్టినా మీరు బయటికి రాకపోతిరి. నాకు ఫికర్ పట్టుకున్నది. గందుకే నాలుగుసార్లు వచ్చిన."

"నేను ఒక్కన్నే ఉంటనని నీకెవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. ఇంట్ల లేపే మనిషి ఉంటే బజార్ల కాయిదం ఎందుకు పెడ్తరు అన్నా?"

లుంగీ సదురుకున్న. లోపలికి రమ్మని చాయ్ పెట్టిన. రెండో కప్పు అలమార వెనుక ఉండె. దుమ్ము కడుగుడుకు కొంచెం సేపు పట్టింది.

చాయ్ తాగుతుంటెనే సుజాత ఫోన్. మధ్యాహ్నం పూట ఆమె ఎన్నడు చెయ్యదు.

"మా స్టాఫ్‌రూమ్ల ఒక సారు ఫోన్ల ఫోటో చూపెట్టిండు" అన్నది. "ఎవలో మందమర్రిల హారన్ కొట్టుమని రాసుకున్నరని అందరం నవ్వుతున్నం. నేనైతే కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన. తర్వాత చూస్తె వెనుక నా గేటు. నేను రంగేయించిన గేటు."

"ఆ."

"తెలుగు టీచరు ఇంటి గేటు."

"ఆ."

"నాకు ఒక్కసారి చూపియ్యకపోతివా?"

"నిన్న ఫోన్ చేసిన. నువ్వెత్తలే."

"నిద్ర లేదని నాకెప్పుడు చెప్పలే నువ్వు" అన్నది. నవ్వు లేదు గొంతుల. "రోజు తిన్నవా అని అడుగుతున్న. నిద్రపోతున్నవా అని నేను అడగనే లేదు."

"చెప్తె అక్కడ కూసొని నువ్వేం చేస్తవని చెప్పలే."

"ఏం చెయ్యకపోయినా తెలుసుకుంటుంటి కదా" అన్నది. అప్పటికే బెల్లు కొట్టిండ్రు. పెట్టేసింది.

రఫీక్ కప్పు దిక్కే చూసుకుంట కూసున్నడు, ఏం విననట్టు. తర్వాత లేసి, "పెన్ను పట్టుకోండ్రి, దిద్దొద్దాం" అన్నడు. ఆయన ఆటోల ఒక్కొక్క స్తంభం కాడ ఆగుకుంట పోయినం. "ట్ట"కు "ండి"కి నడుమ సూది పట్టే జాగ లేదు. మా ఆమె పిల్లల కాపీలల్ల పెట్టినట్టు కింద చిన్న గుర్తు పెట్టి, పైన "క" రాసిన. టేపు మీద పెన్ను పడది. పడ్డకాడ జారుతది. సగం "క"లు కారిపోయి కండ్లకు కాటుక లెక్క అయినయి.

ఇగ జనం ఊకుంటరా? ఒక్కొక్క ఇంట్ల నుంచి బయటికొచ్చిండ్రు. "నువ్వేనా పండుకునే మనిషివి?" అని అడిగేటోళ్లే. పోచవ్వ సుత వచ్చి, "నేను మంచిగ రాసినవంటిని కదరా" అని నన్నే తిట్టింది. మా ఇంటికి ఆరిండ్ల అవతల ఒకాయన తలుపు తీసి వచ్చిండు. కండ్లు ఎర్రగ ఉన్నయి, దిండు గుర్తు చెంప మీద ఉన్నది. పేరు ఓదెలట. వేరే బాయిల రాత్రి షిఫ్టు.

"నువ్వు చేసిన పనికి పొద్దటి సంది నాకు సుత నిద్ర లేదన్నా" అన్నడు.

"తప్పయింది."

"రోజు సుత లేదనుకో. నేను బాత్‌రూమ్ పక్కన పండుకుంట."

"నేను వంటింట్ల."

ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. రోడ్డు తవ్విన సంది ఆరిండ్ల దూరంల, ఒకే హారన్‌కు ఇద్దరం లేస్తున్నం. ఆయన పెండ్లాం సుత పుట్టింటికాడ ముసలితల్లిని చూసుకుంటుందట. "మంచిగ రాసినయి చేస్తె నాకు నాలుగు ఇయ్యి" అని లోపలికి పోయిండు.

ఆ రాత్రి డ్యూటీ మొత్తం నిలవడే చేసిన. కూసుంటె నిద్రొస్తదని పంపు సుట్టు తిరుగుకుంట ఉన్న. మంగళవారం పొద్దుగాల ఇంటికొచ్చేసరికి సుజాత మెసేజ్ ఉంది. ఆమెనే కొట్టి పంపింది. "పగలు నిద్రపోయే కార్మికులున్నారు. దయచేసి హారన్ కొట్టకండి." కింద ఇంకో ముక్క: "దీన్ని ముట్టుకోకు. ఉన్నదున్నట్టు ప్రింటు తియ్యి." ముట్టుకోలే. అద్దాలు పెట్టుకొని అక్షరం అక్షరం కూడబలుక్కున్న. రఫీక్ వచ్చి అతికిచ్చిండు, చాయ్ హోటల్ల సుత చెప్పొచ్చిండు, ఈసారి ఎవ్వలు కొట్టకుండ్రి అని.

అప్పటికే నా స్టిక్కరు ఫోటో ఎన్ని గ్రూపులల్ల తిరిగిందో, బాయి దోస్తులు పొద్దటి సంది ఫోన్ల మీద ఫోన్లు. ఎత్తంగనే నోటితోని హారన్ కొట్టుడు. విసుగొచ్చి ఫోను బందు చేసి బియ్యం డ్రమ్ముల పెట్టి మూత పెట్టిన. పదింటికి పండుకున్న.

సప్పుడు లేదు. ఒక ఆటో వచ్చింది, మలుపు కాడ మెల్లగ అయింది, పోయింది. ఒక బండి వచ్చింది, అదీ ఊకనే పోయింది. రోడ్డు తవ్విన సంది మొదటిసారి నా ఇల్లు నాకు వినవడ్డది. ఫ్రిజ్ సప్పుడు, నల్లా బొట్టు, పక్క గదిల గడియారం. ఇంత సప్పుడు లేని ఇంట్ల నేను ఉన్నట్టు ఎవలికి తెలుస్తది అని ఒక్క క్షణం గుబులైంది. బయటికి పోయి ఎవలినన్నా కొట్టుమందామా అనిపిచ్చింది. ఆ ఆలోచన పూర్తి కాకముందే నిద్ర పట్టింది.

లేసేసరికి కిటికీల పలుచటి ఎండ. సాయంత్రం ఐదయితదేమో అనుకున్న. ఒళ్లు దూది లెక్క ఉన్నది. ఇంత మంచి నిద్ర పెండ్లయిన కొత్తల పోయిన కావచ్చు. చాయ్ పెట్టుకుంటుంటె గేటు కాడ పాల రాజేశం పిలిచిండు.

"సాయంత్రం పాలేంది రాజేశం?"

"సాయంత్రమేంది అన్నా? బుధవారం. పొద్దుగాల ఆరయితుంది."

చాయ్ పొంగి పొయ్యి మీద పోయింది. ఉరికి బియ్యం డ్రమ్ములకెళ్లి ఫోను తీసి ఆన్ చేసిన. మెసేజ్‌లు ఒకదాని మీద ఒకటి పడుడు. శ్రీకాంత్‌వి ఉన్నయి, బాయి ఆఫీసువి ఉన్నయి, ఎక్కువ సుజాతవే. చెయ్యంగనే ఎత్తింది.

"ఎక్కడున్నవ్?"

"ఇంట్లనే. పండుకున్న."

"ఎప్పటి సంది?"

"నిన్న పదింటి సంది."

ఆమె ఊపిరి వదిలింది వినవడ్డది. బస్‌స్టాండుల ఉన్నదట, మొదటి బస్సు ఎక్కనీకి. వెనుక కండక్టరు ఒర్లుడు వినవడుతుంది. తిడుతదనుకున్న. తిట్టలే. "మంచిగ పట్టిందా నిద్ర?" అన్నది.

"పట్టింది."

"సరే. ఇగ ఆఫీసుకు పో. ఉన్నదున్నట్టు చెప్పు, సొంతంగ ఏం రాయకు."

పోయిన. రాత్రి నా బదులు ఇంకో ఆపరేటరు డబుల్ డ్యూటీ చేసిండు. అప్పుడే పైకొచ్చి, నన్ను చూసుకుంటనే ఇంటికి పోయిండు. ఓవర్‌మెన్ ముందట ఫారం పెట్టుకొని కూసున్నడు. చుట్టు మా షిఫ్టోళ్లు పది పన్నెండు మంది నిలవడ్డరు, నవ్వు ఆపుకుంట.

"మొన్న నిద్ర లేదని పంపు కాడ నిద్రపోతివి" అన్నడు ఓవర్‌మెన్. "నిన్న నిద్రపోయి డ్యూటీకే రాకపోతివి. కారణం అని ఇక్కడొక గడి ఉంది సమ్మయ్యా. ఏం రాయాలె నేను?"

సుజాత చెప్పినట్టు ఉన్నదున్నట్టే చెప్పిన.

"ఎవ్వలు హారన్ కొట్టలే సార్."